గుడ్ల ట్రేలో వెళ్ళిన వాల్వులు

పోయిన వారం మా మరిది బొంబాయి నుంచి తెప్పించుకున్న పాత గిటార్ యాంప్లిఫయర్ సికింద్రాబాద్ కార్ఖానాలోని మా ఫ్లాటుకు వచ్చింది. కొరియర్ వాళ్ళు దాన్ని లిఫ్టు ముందు పడేసిన చప్పుడుకి రెండేళ్ళ మా పాప నిద్రలో ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. ఆ చప్పుడు తన చెవులతో విని కూడా, పెట్టె విప్పిన అయిదు నిమిషాలకే మా మరిది దాన్ని ప్లగ్గులో పెట్టి స్విచ్ వేశాడంటే, ఇంజనీరింగ్ చదువుకి ఇంగితానికి సంబంధం లేదని మరోసారి రుజువైంది. అది కాసేపు గుర్రుమంది, చిటపటలాడింది, తర్వాత నోరు మూసుకుంది. వెంటనే ఫోన్లో ఒక నిపుణుడు ప్రత్యక్షమయ్యాడు. టోపీ తిరగేసి పెట్టుకున్న ఆ మహానుభావుడు వీడియోలోనే యాంప్లిఫయర్ ముఖం చూసి లోపలి వాల్వులన్నీ, అంటే బల్బుల్లాంటి ఆ గాజు గొట్టాలన్నీ, పోయాయని తేల్చేశాడు.

“వదినా, ట్యూబులన్నీ పోయినయంట. ఫుల్ సెట్ మార్చాల్నట. షిప్పింగ్‌ల గిట్లనే అయితదంట” అన్నాడు మరిది, ఏదో గొప్ప వార్త మోసుకొచ్చినట్టు.

ముందు ప్లగ్గు పీకి ఒక గంట దాన్ని ముట్టుకోవద్దన్నాను. “ఇది మిక్సీ కాదు వదినా” అని నవ్వాడు. నవ్వనీ అనుకుని, పాపను మా అత్తగారి గదిలో ఉంచి బయట గొళ్ళెం పెట్టాను. ఎందుకంటే ప్లగ్గు పీకేసినా ఆ పెట్టె కడుపులో కరెంటు కొంతసేపు దాగి ఉంటుంది, మా పాప వేలు దూరని కన్నం ఈ ఇంట్లో ఒక్కటీ లేదు. గంట గడిచాక వెనక పలక విప్పి చూస్తే ఒక్క వాల్వు సాకెట్టులోంచి సగం జారి పక్కకు ఒరిగి ఉంది, అంతే. దాని కాళ్ళు పొడిగుడ్డతో తుడిచి నిటారుగా నొక్కి కూర్చోబెట్టాను. యాంప్లిఫయర్ పలికింది. ఆ సాయంత్రం మరిది స్నేహితులతో ఫోన్లో “నేనే సెట్ చేసిన రా” అని చెప్పుకోవడం వంటింట్లోంచి విన్నాను. నాకేమీ కోపం రాలేదు. వాల్వుల విషయంలో మనుషులు ఎంత దిగజారగలరో నేను ఎనిమిదో తరగతిలోనే చూశాను. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పని ఆ సంగతి, పాప పడుకున్నాక ఇలా కూర్చుని, మధ్యమధ్యలో లేచి వెళ్ళి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూ, రాస్తున్నాను.

మా నాన్నకి మోండా మార్కెట్ వెనక సందులో ఒక కొట్టు ఉండేది. కొట్టు అనడం కూడా ఎక్కువే, ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడితే మూడోవాడు బయట నిలబడాల్సిన వెడల్పు. రేడియోలు, టేపు రికార్డర్లు, పెళ్ళిళ్ళ మైకులు, వీటన్నిటినీ బాగుచేసేవాడు కానీ ఆయన మనసు మాత్రం వాల్వు సెట్ల మీదే. నా ఈడు వాళ్ళకి వాల్వు సెట్టు గురించి తెలియడం కష్టమే, మనం పుట్టేసరికే వాటి కాలం అయిపోయింది. అయినా కొందరికి తాతల ఇళ్ళలో స్విచ్ వేశాక పాట రావడానికి కాస్త ఆలస్యం చేసే పెద్ద రేడియో గుర్తుండే ఉంటుంది, వెనక కన్నాల్లోంచి కమలాపండు రంగు వెలుగు, కాలిన దుమ్ము వాసన. మా చర్చిలో కూడా గిటారు కోసం అలాంటి యాంప్లిఫయర్ ఒకటి ఉండేది. ఎప్పుడో ఎవరో దొరగారు వదిలి వెళ్ళారని చెప్పుకునేవారు. దాన్ని చూసుకునేది నాన్నే. మైకుల అలమారా తాళంచెవి ఆయన చొక్కా జేబులో ఉండేది. ప్రతి ఆదివారం అందరికంటే గంట ముందు వెళ్ళి అన్నీ అమర్చి, ఆరాధన అంతా వెనక స్తంభం పక్కన నిలబడి, మైకు కూతపెట్టబోతోందని మనకు తెలియక ముందే ఆయన చెయ్యి వాల్యూం చెవి మెలేసేది. ఇరవై ఏళ్ళు ఆ పని చేశాడు, జీతం లేదు, కోరలేదు. మా చర్చిలో నాన్నకి ఒక పేరుండేదంటే అది ఆ తాళంచెవి వల్లే.

నేను ఎనిమిదిలో ఉండగా చర్చికి కొత్త యాంప్లిఫయర్ కొన్నారు. పాతదాన్ని ఏం చెయ్యాలా అని ఆలోచించి మా సెక్రటరీ గారు, తన పేరు ఎక్కడైనా పలక మీద చెక్కించుకునే అవకాశం కనబడితే వదలని మనిషి, దాన్ని గోదావరి జిల్లాలోని ఒక చిన్న సంఘానికి కానుకగా పంపుదామన్నారు. నాన్న నెల రోజులు కూర్చుని దాన్ని కొత్త పెళ్ళికొడుకులా తయారుచేశాడు. ముందు పలక మీద సెక్రటరీ గారి పేరు పెయింటింగ్ మాత్రం వేరేవాళ్ళు చేశారు, నాన్న రాసిస్తే అక్షరాలు చిన్నవవుతాయని ఆయనకు అనుమానం.

రైలు పార్సిల్లో వెళ్ళే సామాను ఎలా వెళుతుందో సికింద్రాబాద్ స్టేషన్ చూసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. వాల్వులు సాకెట్లలో ఉంచి పంపితే దారిలో ఊగి ఊగి కాళ్ళు వంగుతాయి, లోపలి తీగలు వదులవుతాయి, ఆ తర్వాత వేలితో తట్టినా గంటలా మోగుతాయి. అందుకని నాన్న పద్ధతి ఒకటే. అన్నిటినీ తీసేసి, ఒక్కోదాని మీదా తెల్ల పెయింటుతో దాని స్థానం అంకె వేసి, పాత మెత్తటి గుడ్డలో చుట్టి, గుడ్ల ట్రేలో గుంటకొకటి చొప్పున పెట్టడం. పైన ఇంకో ట్రే బోర్లించి, మొత్తం అమ్మ పాత చీర ముక్కలో మూటకట్టేవాడు. మోండా మార్కెట్ గుడ్ల కొట్టతను ఆ ట్రేలు ఊరికే ఇచ్చేవాడు. ఆ రోజు అయిదు చిన్న వాల్వులు, రెండు పెద్దవి, ఆ ఏడింటినీ చుట్టిన గుడ్డలు నా చిన్నప్పటి గౌనువి. మూటను యాంప్లిఫయర్ వెనక అరలో కదలకుండా బిగించి, ఏ వాల్వు ఎక్కడ పెట్టాలో బొమ్మ వేసి రెండు పేజీల ఉత్తరం రాసి, కవరు మీద ఆ ఊరి పాస్టరు అయ్యగారి పేరు రాసి పెట్టెకు అతికించాడు. ఆయనకు అంతకంటే స్పష్టంగా చెప్పడం ఎలాగో తెలియదు. ఎదుటివాళ్ళు చదువుతారనే నమ్మకం ఒక్కటే ఆయన చేసిన తప్పు.

పార్సిల్ ఆ ఊరికి కోత పండుగ ముందురోజు చేరింది. కోత పండుగ చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. మొదటి పంటలో దేవుని వంతు అని ఎవరికి తోచింది వాళ్ళు చర్చికి తెస్తారు, ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు, అరటి గెలలు, గుడ్లు. ఆరాధన అయ్యాక వాటన్నిటినీ ఆవరణలో వేలం పాడతారు. ఆ ఊరి క్వాయర్ మాస్టారు, బడిలో లెక్కలు చెప్పే పెద్దమనిషి, యాంప్లిఫయర్‌ను ఆ పండుగలోనే ప్రతిష్ఠ చెయ్యాలని నిశ్చయించారు. అందుకని ప్రార్థన అయ్యేదాకా ఎవరూ దాన్ని ముట్టుకోకూడదన్నారు. కవరేమో సికింద్రాబాద్ వాళ్ళ శుభాకాంక్షలు కాబోలని అయ్యగారికిచ్చారు. అయ్యగారు దాన్ని విప్పకుండానే బైబిల్లో పెట్టుకున్నారు. దుమ్ము దులపడానికి వెనక పలక తీసిన మాస్టారికి గుడ్ల ట్రేల మూట కనబడింది. కోత పండుగ ముందురోజు, చీర ముక్కలో, గుడ్ల ట్రేలు! పట్నం సంఘం వాళ్ళు కానుకగా గుడ్లు పంపారని ఆయన ఆనందించి, దేవునికిచ్చిన మూట విప్పకూడదు కాబట్టి విప్పకుండానే తీసుకెళ్ళి గుమ్మడికాయల పక్కన పెట్టారు. యాంప్లిఫయర్ కడుపులో గుడ్లు పెట్టి రాత్రంతా రైల్లో పంపే మనుషులు ఈ భూమి మీద ఉంటారా అని లెక్కల మాస్టారికి ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు.

మర్నాడు ప్రార్థన అయింది, రిబ్బను కత్తిరించారు, స్విచ్ వేశారు. ఎర్ర బల్బు వెలిగింది. శబ్దం లేదు. వాల్యూం చెవులన్నీ చివరిదాకా తిప్పారు, గిటారు వాయించే కుర్రాడు వేళ్ళు నొప్పెట్టేలా వాయించాడు, సంఘమంతా ఎదురుచూసింది. వెనక పలక విప్పితే సాకెట్లన్నీ ఖాళీ. మాస్టారు ఆ సాయంత్రమే మా సెక్రటరీ గారికి ఫోన్ చేశారు. ఫారిన్ వాల్వులన్నీ పీకేసుకుని మీ మెకానిక్కు మాకు ఖాళీ డబ్బా పంపాడని. ఉత్తరం విప్పి చూడాల్సిన అయ్యగారు అప్పటికే దాన్ని బైబిల్లో పెట్టుకుని మిగతా పల్లెల కోత పండుగలకు బయలుదేరి వెళ్ళారు.

ఆ మాట మా ఇంటికి వచ్చింది సెక్రటరీ గారి నోటి నుంచి కాదు. పద్మారావు నగర్‌లో మా పిన్ని ఇంటి పక్కవాళ్ళ నుంచి. అంటే అప్పటికి చర్చిలో సగం మందికి తెలుసన్నమాట. నాన్న అన్నం ముందు నుంచి లేచాడు. మాస్టారికి ఫోన్ చేస్తే మీతో మాట్లాడేదేముందని పెట్టేశారు. అమ్మకి ఆఫీసు ఉంది, నాన్నని ఒంటరిగా పంపితే తిండి తినడని భయం, నాకు దసరా సెలవులు. అలా నేను ఆయనతో గోదావరి జిల్లా రైలెక్కాను. దారి పొడుగునా ఆయన ఒక్కటే మాట, ట్రే జారి కింద పడిందేమో, పగిలాయేమో. తనను దొంగ అన్నారన్న బాధ కంటే వాల్వుల బాధ ఎక్కువగా ఉందేమిటని నాకు చిరాకు వేసింది.

చర్చి వరండాలో మాస్టారు మమ్మల్ని కూర్చోమనలేదు.

“వచ్చారా? తెచ్చారా మరి?” అన్నారు.

“నేను పంపినవి ఇక్కడే ఉండాలె మాస్టారూ. ఎనక అరలో గుడ్ల ట్రే పెట్టిన, గుడ్డల మూటగట్టి.”

“గుడ్లా? అయ్యి మీరు పంపిన కానుకే కదండీ. వేలంలో పాడేశాం.”

పక్కనే చాపలు చుడుతున్న మాస్టారి భార్య మెల్లగా తలెత్తి, “ఏవండీ, అయ్యి పాడుకున్న వెనకింటి మామ్మగారు మొన్న నాతో అంది. పట్నం గుడ్లు గాజువంటండీ అని. నేను ముసల్ది ఏదో అంటంది అనుకున్నాను” అంది.

మాస్టారి ముఖం అప్పుడు చూడాల్సింది. నేను చూశాను, తనివితీరా చూశాను, ఇప్పటికీ చూస్తున్నాను.

మామ్మగారు ఆ ఏడు వాల్వులనూ ఒక డబ్బాలో ఊక పోసి పదిలంగా దాచింది. మా చర్చిలో, వాళ్ళ చర్చిలో చదువుకున్న వాళ్ళందరి కంటే ఆవిడే వాటిని మర్యాదగా చూసింది. “క్రిస్మస్ నక్షత్రంలోకి బల్బులేమో అనుకున్నాను బాబూ. హోల్డర్లో పడతం లేదు. డిసెంబర్లో కరెంటు కుర్రాణ్ణి అడుగుదామని ఉంచాను” అంది. తర్వాత మాస్టారి వైపు తిరిగి, “మరి నా గుడ్లు?” అని అడిగింది. నాన్న పరుగున వెళ్ళి బజారు నుంచి రెండు డజన్ల గుడ్లు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. మాస్టారు పెట్టాల్సినవి.

ఆ మధ్యాహ్నం నాన్న చర్చి నేల మీద కూర్చుని ఒక్కో వాల్వునూ అంకె చూసి దాని చోట కూర్చోబెట్టాడు. స్విచ్ వేసి కాసేపు ఆగమన్నాడు. చీకటి పెట్టెలో ఏడు చిన్న నిప్పులు ఒకదాని తర్వాత ఒకటి మేలుకున్నాయి. పెన్సిల్ వెనక భాగంతో ఒక్కోదాన్నీ మెల్లగా తట్టాడు, ఒకటి మాత్రం ఖంగుమంది. దాన్ని అంత ముఖ్యం కాని చోటికి మార్చాడు. అప్పుడు గిటారు తీగ మీటమన్నాడు. ఆ గది అంతా ఒక్కసారి నిండిపోయింది. వరండాలో నిలబడిన పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇక అయిపోయింది, నాన్న గెలిచాడు అనుకున్నాను.

అప్పుడు మాస్టారు నాన్నను పక్కకు తీసుకెళ్ళారు. నేను వెంటే ఉన్నాను, చిన్నపిల్ల కదా అని నన్ను లెక్కచేయలేదు. గుడ్ల సంగతి మీ సెక్రటరీ గారికి తెలియనివ్వకండి, ఊళ్ళో అందరికీ తెలిస్తే బడిలో పిల్లలు నన్ను బతకనివ్వరు, ఈ ముసలావిడకీ మా ఆవిడకీ నేను చెప్పుకుంటాను అని చేతులు పట్టుకున్నారు. నాన్న సరేనన్నాడు. వెంటనే మాస్టారు మా ముందే సెక్రటరీ గారికి ఫోన్ చేశారు.

“ఆఁ, వచ్చారండీ. వాల్వులన్నీ పెట్టారు. ఇప్పుడు బాగానే పలుకుతోంది. ఇంకేం లేదండీ, సర్దుకుపోయింది.”

అందులో ఒక్క అబద్ధమూ లేదు. ఇంతకంటే నీచమైన నిజం నేను మళ్ళీ వినలేదు. ఎత్తుకెళ్ళినవాడు పట్టుబడి తెచ్చి పెట్టేశాడని తప్ప ఆ మాటలకు అవతలి చెవిలో ఇంకేం అర్థం ఉంటుంది? నాన్నకు అది తెలియక కాదు, ఫోన్ పెట్టేసేదాకా ఆయన నేల చూస్తూ నిలబడ్డాడు.

మరుసటి ఆదివారం సెక్రటరీ గారు స్తంభం దగ్గరకు వచ్చి నాన్న భుజం మీద చెయ్యి వేశారు. “అన్నా, పరేషాన్ కాకు. ఎవ్వలం ఏమంటలేం. జెర కొన్ని దినాలు నువ్వు రెస్ట్ తీస్కో. మైకులు సుత యూత్ పిల్లలు చూస్కుంటరు” అన్నారు. నాన్న జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. ఒక్క మాట, గుడ్లు అనే ఒక్క మాట అంటే చాలు, చర్చి మొత్తం పగలబడి నవ్వేది, ఆయన తాళంచెవి ఆయన జేబులోనే ఉండేది. అనలేదు.

ఇంటికొచ్చాక అమ్మ గిన్నెలన్నీ విసిరేసినంత పని చేసింది. ఎవడి పరువో కాపాడ్డానికి మన పరువు తాకట్టు పెట్టొచ్చావా అని. “మాటిచ్చిన” అన్నాడు నాన్న. “ఆయన బడిపంతులు. పిల్లలు ముఖం మీదనే నవ్వితే రేపటి సంది వాళ్ళకు పాఠమెట్ల చెప్తడు?” నా వైపు తిరిగి, “నువ్వు సుత ఎవరికి చెప్పకు బిడ్డా” అన్నాడు.

అయ్యగారు పల్లెల నుంచి తిరిగొచ్చాక ఉత్తరం విప్పి చదివారు. దాన్ని నాన్నకే తిప్పి పంపుతూ, కింద ఒక వాక్యం రాశారు, ప్రభువు అన్నీ చూస్తూనే ఉన్నాడని. ప్రభువు చూస్తున్నాడు, సరే. మా సెక్రటరీ గారు కూడా చూసేలా ఒక కార్డు ముక్క రాస్తే అయ్యగారి చెయ్యి పడిపోయేదా అని నాకు ఆ రోజూ అనిపించింది, ఈ రోజూ అనిపిస్తోంది.

ఆ తర్వాత పదమూడేళ్ళు నాన్న అదే చర్చికి వెళ్ళాడు, స్తంభం పక్కన కాదు, అందరితో పాటు బెంచీ మీద. యూత్ పిల్లల చేతిలో మైకు ప్రతివారం కూతపెట్టేది. కూత మొదలయ్యే ముందే నాన్న కుడిచెయ్యి ఒళ్ళోంచి కొంచెం పైకి లేచేది, వేళ్ళు గాలిలో దేన్నో మెలేసినట్టు కదిలి, మళ్ళీ కీర్తనల పుస్తకం మీదకు వచ్చేవి. ఆ చెయ్యి చూడకూడదని నేను కళ్ళు మూసుకుని పాడేదాన్ని, పక్కవాళ్ళు భక్తి అనుకునేవారు.

నాన్న పోయినప్పుడు జ్ఞాపకార్థ కూడికలో సెక్రటరీ గారే మాట్లాడారు. అప్పటికి ఆయనకు గొంతు వణుకు వచ్చింది కానీ మైకు మీద మోజు తగ్గలేదు. మంచివాడు, పనిమంతుడు, మనిషన్నాక ఏదో ఒక బలహీనత ఉంటుంది, దేవుడు క్షమించేవాడు, మనమూ ఏనాడో మరిచిపోయాం అన్నారు. జనం తలలూపారు. నేను మొదటి వరసలో కూర్చుని ఉన్నాను. డిగ్రీ చదివినదాన్ని, పెళ్ళయినదాన్ని, నోరున్నదాన్ని. లేచి నిలబడితే ఆ మైకు నా చేతికి అందేంత దూరంలో ఉంది. లేవలేదు. ఇంతమందిని ఇంతసేపు తిట్టాను కదా, ఆ వరసలో నన్నూ కలుపుకోండి.

ఇప్పుడు మా చర్చిలో గాజు గది కట్టారు, అందులో విమానం నడిపేదంత పెద్ద మిక్సర్ ఉంది, కాలేజీ పిల్లలు ముగ్గురు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటారు. మైకు కూతపెట్టడం మానేసింది. మంచి పిల్లలే, ఒకసారి మా నాన్న ఇక్కడ మైకులు చూసేవాడని చెబితే, అవునా ఆంటీ, ఎప్పుడు అని మర్యాదగా అడిగారు. సెక్రటరీ గారు పోయారు. మాస్టారు కూడా పోయే ఉంటారు, వయసు అలాంటిది. నాన్న మీద నింద వేసినవాళ్ళు, విన్నవాళ్ళు, తలలూపినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయి, ఇవాళ ఆ నింద గుర్తున్న మనుషులు అమ్మా నేనూ తప్ప దాదాపు ఎవరూ లేరు. నా చిన్నప్పుడు ఒక మనిషికి పడిన మచ్చ ఊరంతా ఒక జీవితకాలం గుర్తుపెట్టుకునేది. ఇప్పుడు ఎవరి మచ్చా ఎవరికీ పట్టదు. అది మంచికో చెడుకో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా, మా నాన్న దొంగ కాదని ఇప్పుడు ఎవరికైనా చెప్పాలంటే, ఆయనను ఒకప్పుడు దొంగ అన్నారని ముందు నేనే చెప్పాలి. ఈ రాత్రి చెప్పాను.